రోకళ్ళ పాటకు సాక్ష్యం

పొద్దున పది కాకముందే ఆచారసాక్షి యంత్రం ముందు వరస వీధి మలుపు దాటింది. కొత్త కోడలికి ఏ దుప్పటి కప్పాలో, బిడ్డకు ఏ తాత పేరు పెట్టాలో ఆ యంత్రమే చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా కెన్యాలోని ఆ కొండ ఊళ్ళో దాన్ని అడగకుండా ఎవరూ పొయ్యి మీద కుండ కూడా పెట్టడం లేదు. నాలుగు వేల మంది పెద్దల మాటలు కడుపులో దాచుకున్న యంత్రం మరి, దానికి ఎదురు చెప్పేదెవరు!

కావిరా తన నవల కోసం వచ్చింది. ఆ యంత్రం వేసే ఆచారముద్ర పడని పుస్తకాన్ని బడులూ గ్రంథాలయాలూ ముట్టుకోవు. ఏడేళ్ళు రాసిన ఆ నవలలో ఒక్క అధ్యాయం దగ్గర యంత్రం అడ్డం తిరిగింది. పెళ్ళాన్ని కొట్టినవాడి గుమ్మం ముందు ఊరి ఆడవాళ్ళు రోకళ్ళు పట్టుకుని నిలబడి, వాడు బయటికొచ్చి తప్పు ఒప్పుకొనేదాకా పాడే ఆచారం గురించిన అధ్యాయం అది. సాక్ష్యం చెప్పించడానికి కావిరా తల్లిని వెంటబెట్టుకొచ్చింది. ఎనభై ఏళ్ళ న్కాథా ఉన్నవాటిలో మంచి గౌను తొడుక్కుంది.

"మా ఆయన నా చెయ్యి విరిచిన రోజున పదకొండు మంది వచ్చారు," అంది న్కాథా యంత్రం వైపు వంగి. "పొద్దు వాలేదాకా పాడారు. ఆ తర్వాత ఆయన నా మీద చెయ్యెత్తితే ఒట్టు."

"పెద్దల వాంగ్మూలాల్లో ఇలాంటి ఆచారం లేదు. ఇది జరగలేదు," అంది యంత్రం ఎంతో మర్యాదగా.

"ఆ పెద్దల్లో ఆడవాళ్ళెందరు?" కావిరా నిలదీసింది.

యంత్రం పక్కన కూర్చున్న అధికారి మురిథి ఇబ్బందిగా నవ్వాడు. "అప్పట్లో ఇంటి యజమానుల్నే అడిగారమ్మా."

"ఎవరి గుమ్మం ముందు పాడారో వాళ్ళనే అడిగారన్నమాట! వాళ్ళెందుకు చెబుతారు?"

"అది నాకు తెలుసు, యంత్రానికి తెలీదు," అన్నాడతను గొంతు తగ్గించి. "ఆ అధ్యాయం కల్పన అని ఒప్పుకుంటూ వేలిముద్ర వెయ్యండి. పుస్తకమైనా బయటికొస్తుంది."

కావిరాకు ఒళ్ళు మండింది. కానీ ఏడేళ్ళ కష్టం. జనం ఎలాగోలా చదివితే చాలనుకుంది. వేలు ఆనించింది. నిబంధన ప్రకారం మురిథి పైకి చదివాడు. "ఈ అధ్యాయంలో రాసినదేదీ జరగలేదు. అంతా నా కల్పన."

బయటికొచ్చాక న్కాథా మెట్టు మీద కూలబడి, వంకరగా అతుక్కున్న చేతిని నిమురుకుంది.

"ఏమ్మా, నొప్పిగా ఉందా?"

"యంత్రం అంటే పోనీలే అనుకున్నా. నువ్వూ అన్నావుగా తల్లీ." ముసలామె కూతురి వైపు చూడలేదు. "అయితే ఆ రోజు నా కోసం ఎవరూ రాలేదన్నమాట."