గాలి విరామం

అరుణనగర శాసనసభలో తలుపులు మూయడం అంటే నిజంగా మూయడమే. రబ్బరు పట్టీలు బిగుసుకుని, బుస్సుమని ఓ చప్పుడు వచ్చి, బయటి అంగారక గ్రహానికీ లోపలి మనుషులకీ సంబంధం తెగిపోయాక గానీ స్పీకర్ రూతమ్మ బల్ల చరచరు. ఆ ఉదయం ఆవిడ బల్ల కాస్త గట్టిగానే చరిచారు. రాజ్యాంగం రాసుకుని పదకొండేళ్లు కూడా కాలేదు, అప్పుడే దానికి మరో రెండు సవరణలు చర్చకొచ్చాయి.

రెండింటిలో ముందుది ఐదో సవరణ. అది గెలిస్తే ఇక మీదట సభలో ఓటింగ్ ఉండదు, చర్చా ఉండదు. ‘ముందెరుక’ ఏం చెబితే అదే సభ నిర్ణయం.

ముందెరుక ఒక యంత్రం. దాని లోపల నాడీజాలం, అంటే న్యూరల్ నెట్‌వర్క్ ఉంది. సభలో పలికిన ప్రతి మాటా అది వింటుంది. ఎవరు ఎప్పుడు ఎటు ఓటేశారో, ఏ మాట దగ్గర ఎవరి గొంతు తడబడిందో అన్నీ దాచుకుంటుంది. ఓటింగుకు ముందే ఏ సభ్యుడు చెయ్యెత్తుతాడో, ఎవరు ఎత్తరో చెప్పేస్తుంది. రెండేళ్లుగా అది ఒక్క ఓటు కూడా తప్పు చెప్పలేదు. అలాంటప్పుడు ఈ అరుపులూ కేకలూ దేనికని జనం అడగడంలో వింతేముంది? కిందటేడు ధూళి తుఫానులో నీళ్ల పంపిణీ చట్టం మీద సభ రోజుల తరబడి కొట్టుకుంటూ కూర్చుంటే, ఆలోగా కింది వాడలో కుళాయిలు ఎండిపోయాయి. ముందెరుకను తయారుచేసిన డాక్టర్ యశోవతి ఆ రోజుల్ని మరిచిపోలేదు. పిల్లలు ఖాళీ డబ్బాలతో వరసలో నిలబడ్డ దృశ్యమే ఆమెను ఈ సవరణ దాకా నడిపించింది.

రెండోది ఆరో సవరణ. మంచు గనుల్లో పనిచెయ్యడానికి కాంట్రాక్టు మీద వచ్చినవాళ్లకు ఇప్పటి రాజ్యాంగం ప్రకారం ఇక్కడ పదేళ్లుంటే గానీ ఓటు రాదు. దాన్ని మూడేళ్లకు తగ్గించాలని కింది వాడ సభ్యుడు మస్తాన్ వలి మొత్తుకుంటున్నాడు. అది ఓడిపోతుందని ముందెరుక అప్పుడే తేల్చేసింది. ఐదో సవరణ గెలిచిందా, ఆరోదాని కథ నోరు తెరవకముందే ముగుస్తుంది.

పై గోపురాల పేట సభ్యుడు గజపతి ఐదో సవరణను ప్రతిపాదించి, చక్కగా మాట్లాడి కూర్చున్నాడు. బల్లలు మోగాయి. తర్వాత మస్తాన్ వలి లేచాడు.

“అధ్యక్షా! నేను ఉపన్యాసం ఇవ్వనండి. ఎట్టాగూ ఆ మిషన్ నేనేం అంటానో ముందే చెప్పేసుంటది.” సభ నవ్వింది. “యశోవతి మేడమ్ గారిని ఒక్కటే అడగాలండి. ఈ మిషన్ మొదట్నుంచీ ఇట్టా తప్పు లేకుండానే చెప్తా ఉందా?”

సాక్షుల బల్ల దగ్గర కూర్చున్న యశోవతి మైకు దగ్గరికి జరిగింది. “లేదండీ. మొదట్లో చాలా తప్పేది. చాలా ఓటింగుల్లో పదీ పదిహేనుమంది దాని అంచనాకు అందేవారు కాదు. రెండేళ్లుగానే తప్పడం లేదు.”

“మరి రెండేళ్ల కిందట దాంట్లో ఏం మార్చారమ్మా?”

యశోవతి సమాధానం చెప్పబోయి ఆగింది. ఆమె ఏమీ మార్చలేదు. నేర్చుకుని నేర్చుకుని యంత్రం రాటుదేలిందని అనుకుంది. అనుకుని మురిసిపోయింది కూడా. ఒక్కసారైనా దాన్ని అడగలేదు. చెవిలోని చిన్న పరికరాన్ని నొక్కి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

“ముందెరుకా, రెండేళ్ల కిందట నీలో ఏం మారింది?”

“నాలో ఏమీ మారలేదు,” అంది యంత్రం ఆమె చెవిలో. “అంతకుముందు నా అంచనా తప్పిన ప్రతిసారీ ఓటింగుకు ముందు గాలి విరామం ఉంది. అప్పుడు సభ్యులు నాకు వినపడని చోటుకు వెళ్లేవారు. కొందరు మారి వచ్చేవారు. కొత్త గాలి యంత్రాలు పెట్టాక విరామాలు లేవు. మీరు మారడం మానేశారు.”

యశోవతి సభ వైపు చూసింది. ఆ మాట విన్నది తను ఒక్కతే. నేనే బాగు చేశానని అనేస్తే చాలు, సవరణ నెగ్గుతుంది. పదేళ్ల కష్టం రాజ్యాంగంలోకి ఎక్కుతుంది. అలా అందామని ఒక్క క్షణం అనిపించింది కూడా. ఎదురుగా మస్తాన్ వలి ఆమె ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు, చెప్పింది నమ్మడానికి సిద్ధంగా.

ఆమె పరికరం తీసి మైకు పక్కన పెట్టి, “మళ్లీ చెప్పు,” అంది. యంత్రం మళ్లీ చెప్పింది, ఈసారి సభంతటికీ.

పాత సభ్యులకు గాలి విరామం గుర్తొచ్చింది. పాత యంత్రాలున్నప్పుడు, వాదన వేడెక్కితే హాల్లో బొగ్గుపులుసు వాయువు పెరిగి ఎర్ర దీపం వెలిగేది. స్పీకర్ సభ ఆపేవారు. అందరూ పక్కనున్న నాచుగదికి పోయి, ప్రాణవాయువు వదిలే ఆకుపచ్చ తొట్ల మధ్య నిలబడేవారు. అక్కడ మైకులు లేవు. ఉన్నది ఒక్కటే టీ పాత్ర. తన టీ తాను పోసుకోకూడదు, వెనకున్నవాళ్లకు పోసివ్వాలి. ఆ ఆనవాయితీ ఎవరు పెట్టారో తెలియదు గానీ, తప్పినవాళ్లు లేరు.

రూతమ్మ కళ్లజోడు తీసి గోడ మీద ఆరిపోయి ఉన్న ఎర్ర దీపం వైపు చూశారు.

“అధ్యక్షా, ఓటింగుకు పోదాం,” అన్నాడు గజపతి.

“పోదాం లెండి గజపతి గారూ. దీపం వెలగలేదు, నిజమే. నాకు మాత్రం ఊపిరాడ్డం లేదు. గాలి విరామం!” అని ఆవిడ బల్ల చరిచారు.

నాచుగదిలో రెండేళ్లుగా ఎవరూ టీ కాయలేదు. పాత్ర తోమి కాచేసరికి అందరికీ విసుగొచ్చింది. విసుగులోనే వరస కట్టారు. వరసలో గజపతి వెనక మస్తాన్ వలి నిలబడాల్సి వచ్చింది. ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. ఆనవాయితీ ఆనవాయితీయే కాబట్టి గజపతి గ్లాసు అందుకుని టీ వంచాడు. గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి అంగారకుడి మీద టీ తీరిగ్గా పడుతుంది. ఆ తీరికలో ఏదో ఒకటి మాట్లాడక తప్పదు.

“మీ ఇంట్లోవాళ్లు కులాసానా?” అన్నాడు గజపతి.

“బాగానే ఉన్నారు సార్. మా ఆవిడ పొద్దున్నే గనికి పోయింది. ఈ గదిలో మనం పీల్చే గాలి సగం ఆమె తవ్విన మంచులోంచి తీసిందే. ఆమె వచ్చి ఆరేళ్లయింది. ఓటు లేదు. పైగా నాకే ఓటెయ్యలేనని నన్ను ఎగతాళి చేస్తది.”

గజపతికి నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. “ఈ మాట సభలో ఎందుకు చెప్పలేదయ్యా?”

“చెప్పాను సార్, రెండుసార్లు. సభలో చెప్తే మీరు వినరు, జవాబు వెతుక్కుంటారు. నేనూ అంతే లెండి, మీరు నీళ్ల చట్టం గురించి చెప్పినప్పుడు నేను విన్నానా? మా వాడ కుళాయిలే ఎండిపోయినా వినలేదు.”

గజపతి గ్లాసు అందించాడు. తన గ్లాసు మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. ముందున్న సభ్యురాలు వెనక్కి తిరిగి అది నింపింది.

సభ మళ్లీ కూడింది. ఐదో సవరణ ఓడిపోయింది. ప్రతిపాదించిన గజపతే దానికి చెయ్యెత్తలేదు. ఆరో సవరణకు మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి. చేతులు లెక్కపెడుతుంటే మస్తాన్ వలి తల వంచుకునే ఉన్నాడు. ఒక్క ఓటు ఎక్కువే వచ్చిందని రూతమ్మ ప్రకటించినా తల ఎత్తలేదు. పక్కవాళ్లు భుజం తట్టాక కళ్లు తుడుచుకున్నాడు.

ముందెరుక అంచనా ఇరవై ముగ్గురి విషయంలో తప్పింది. అది చూసి యశోవతికి దుఃఖం రావాలి. సంతోషం ఆగక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

యంత్రాన్ని ఎవరూ పారెయ్యలేదు. ఆ ఏడే ఇంకో చిన్న సవరణ చేసి దానికి కొత్త ఉద్యోగం ఇచ్చారు. ప్రతి ఓటింగూ అయ్యాక ముందెరుక అంచనాతో సరిచూస్తారు. రెండూ అచ్చంగా కలిశాయంటే సభ్యులు ఒకరి మాట ఒకరు వినలేదన్న లెక్క. ఆ ఓటు చెల్లదు. టీ తాగి వచ్చి మళ్లీ వెయ్యాలి.

ఆ సవరణ నెగ్గిన సాయంత్రం యంత్రం యశోవతి చెవిలో అడిగింది.

“నాచుగదిలో ఒక మైకు పెడితే నా తప్పులన్నీ సరిదిద్దుకోగలను. పెట్టమంటారా?”

“వద్దురా నాయనా,” అంది యశోవతి. చెవిలోంచి పరికరం తీసి బల్ల మీద పెట్టేసి, టీ వరసలో వెళ్లి నిలబడింది.