దున్నేసిన ఆనర్స్

"నా మొక్కలేవి కోటేష్?"

బస్సు దిగి గట్టు మీద పరిగెత్తుకుంటూ వచ్చిన తేజశ్రీ అక్కడే ఆగిపోయింది. పోయిన ఆదివారం దాకా మిరప మొక్కలున్న చేను ఇప్పుడు ఉత్త నల్లమట్టి.

"నిన్న దున్నించేశాను," అన్నాడు కోటేష్ తల వంచుకుని. "తామరపురుగు చేనంతా పట్టేసింది. పక్క చేలవాళ్లు ఊరుకోవట్లేదు. ట్రాక్టర్ నిన్న ఒక్కరోజే దొరికింది. ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు."

"ఎగ్జామ్ హాల్లో ఎలా ఎత్తుతాను? నా నాలుగు సాళ్లు వదిలేస్తే ఏం పోయేది?"

"పురుగు వాటిల్లోంచే మళ్లీ..."

"ఆపు. సైన్స్ నాకు చెప్పకు."

వచ్చిన బస్సులోనే వెనక్కి వెళ్లిపోయింది.

ఇద్దరూ గుంటూరులో మూడేళ్లు కలిసి బోటనీ చదివారు. నాలుగో ఏడాది ఆనర్స్‌కి సరిపడా మార్కులు కోటేష్‌కి రాలేదు. మామూలు డిగ్రీ తీసుకుని, పెదనందిపాడు దగ్గర ఊళ్లో తండ్రి బుల్లయ్యతో సేద్యంలో దిగాడు. తేజశ్రీ ఆనర్స్‌లో చేరింది. ఆ పట్టా రావాలంటే పేపర్లు పాసైతే చాలదు, సొంతంగా ఒక ప్రాజెక్ట్ చేసి ఫలితం చూపించాలి. మిరప పురుగు మీద వేపనూనె ఎంతవరకు పనిచేస్తుందన్నది ఆమె ప్రాజెక్ట్. పొలం కోసం ఎవరిని అడగాలా అనుకుంటుండగానే "మా చేనుందిగా!" అన్నాడు కోటేష్.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం వచ్చేది. ఆమె ఆకులు తిరగేసి పురుగులు చూస్తుంటే అతను గొడుగు పట్టేవాడు.

"గొడుగంతా నా మీదే ఉంది. నువ్వు మాడిపోతున్నావు."

"రైతుకి ఎండేంటి మేడమ్? మీరు కానివ్వండి."

ఒకసారి ఉన్నట్టుండి వాన పడింది. ఆ ఒక్క గొడుగు కిందే ఇద్దరూ నిలబడ్డారు. ఇంకాసేపు కురిస్తే బాగుండునని ఇద్దరికీ అనిపించింది.

దున్నేసిన చేను చూసొచ్చిన మర్నాడు కాలేజీలో, ఈ ఏడాదే వచ్చిన ప్రాజెక్ట్ గైడ్ నజీరా మేడమ్ తేజశ్రీ చెప్పిందంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"కాయ దిగుబడి చూపించకుండా ప్రాజెక్ట్ ఒప్పుకోరు తల్లీ. ప్రాజెక్ట్ లేకపోతే ఆనర్స్ లేదు. ఇంకో పంట దాకా గడువు ఇవ్వరు. పొద్దునే పైవాళ్లని అడిగి చూశాను, మూడేళ్ల డిగ్రీయే ఇస్తామన్నారు."

తేజశ్రీ మనసులో లెక్క వేసుకుంది. ఆనర్స్ ఉంటే ఎమ్మెస్సీ ఒక్క ఏడాదే. "ఒక్క ఏడాదంటే చదివిస్తాను, ఆపైన నా వల్ల కాదమ్మా," అని నాన్న ముందే చెప్పాడు. ఇప్పుడు రెండేళ్లు చదవాలి. అంటే చదువు ఇక్కడితో సరి.

"పొద్దున ఒకబ్బాయి వచ్చాడు," అన్నారు మేడమ్. "మన పాత స్టూడెంటేనట. తప్పంతా తనదే, నీకు శిక్ష వేయొద్దని ఎంతసేపు బతిమాలాడో!"

ఆ మాట వినగానే ఆమెకు కోపం ఇంకా పెరిగింది. ఆ కోపంతోనే మధ్యాహ్నం బస్సెక్కి చేనికి వెళ్లింది.

గట్టు మీద బుల్లయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేవబోయి, లేవలేక ఆగాడు.

"నీ చదువు పాడుచేశానమ్మా. ఆ నాలుగు సాళ్లు వదులుదాం నాన్నా అని మావోడు నా కాళ్లు పట్టుకున్నాడు. నేనే ఇనలేదు. ఏడాది కష్టమంతా పోయిందన్న కచ్చలో మొత్తం దున్నించేశా."

ఆమె చేనంతా కలియచూసింది. కోటేష్ చేనికి అవతల గట్టు దగ్గర కనిపించాడు. మట్టిలో దిగబడుతూ అతని దగ్గరికి నడిచింది.

"నువ్వే దున్నించినట్టు ఎందుకు చెప్పావు?"

"నిజం చెబితే మా నాన్నని తిట్టేదానివి. ఆయనిప్పుడు ఒక్క మాట కూడా తట్టుకోలేడు తేజా."

"నువ్వు తట్టుకుంటావా?"

"నువ్వెంత తిట్టినా తట్టుకుంటాను. రావడం మానేస్తేనే కష్టం."

"ప్రాజెక్టే లేదు. ఇంక ఇక్కడికి రావడానికి నాకేం పని కోటేష్?"

"పని లేకపోయినా రా."

తేజశ్రీ అతన్ని చూసింది. ఏడ్చినట్టున్నాడు, కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"నేనంటే ఇష్టమా?"

"ఫస్టియర్ నుంచి."

"ఇంత చెడ్డరోజు చూసుకుని చెప్పాలా?"

"మంచిరోజు కోసమే చూశాను," అన్నాడు కోటేష్. "రాలేదు."

ఆమెకు నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అతని పక్కన గట్టు మీద కూలబడింది. అతను ఓదార్చడానికి ప్రయత్నించలేదు, దగ్గరగా జరిగి కూర్చున్నాడంతే.