చప్పట్లు కొట్టని కచేరి

వన్‌టౌన్‌లో, రేవు క్రేన్లు కనబడే మలుపు మీద ఉన్న ఆ పాత చర్చికి పగలంతా మంచిపేరే. చెడ్డపేరల్లా వెనక ఉన్న చెక్క బాల్కనీకి. దీపాలు పెట్టాక ఆ మెట్లు ఎవరూ ఎక్కరు. వాచ్‌మన్ గవర్రాజైతే అటు చూడకుండానే తాళం వేసుకుని బయటపడతాడు. ఎందుకని అడిగితే, "ఆయనున్నాడు బాబూ..." అంటాడు.

ఆయనంటే జాన్‌బాబు. స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి. వయొలిన్ లాంటిదే, మనిషంత ఉండే సెల్లో వాద్యాన్ని వీపుకు తగిలించుకుని, కూర్మన్నపాలెం నుంచి సిటీ బస్సులో, కండక్టర్ల చేత తిట్లు తింటూ వచ్చేవాడు. నెలకోసారి ఆ చర్చిలో కచేరి పెట్టింది ఆయనే. వాయించేవాళ్ళు నలుగురు, వినేవాళ్ళు ఓ యాభై మంది, మైకు ఊసే లేదు. నియమం మాత్రం ఒకటుంది — దేవుడి ఇంట్లో చప్పట్లు వద్దు. వాయించడం అయ్యాక అందరూ తలవంచి కాసేపు ఊరుకోవాలి, ప్రార్థనలో ఊరుకున్నట్టు.

ఆయన పోయి ఏడాదైంది. తమ్ముడు టిమోతి, కూతురు దీనా, ఆమె స్నేహితురాలు నిఖిత — వాయించడానికి ముగ్గురే మిగిలారు. సెల్లో ఏమైందని దీనా అడిగితే, "ఎవులికో ఇచ్చేసేను. సూళ్ళేకపోతన్నాను" అంది తల్లి ఫ్లోరెన్స్. ఆవిడ దాన్ని 'నా సవితి' అనేది.

ముగ్గురి కచేరీలు మొదలైనప్పట్నుంచే వచ్చింది గొడవ. చివరి స్వరం ఆపి కమానులు దించాక, అందరూ తలవంచుకున్న ఆ నిశ్శబ్దంలో... పైనుంచి ఎవరో ఆ స్వరాన్ని ఇంకా పట్టుకునే ఉన్నట్టు... లోగొంతుతో, మ్... మ్...

అది లావు తీగ పలికే స్వరం. సెల్లోకున్న నాలుగు తీగల్లో అన్నిటికన్నా లావుది. దీనా చిన్నప్పట్నుంచీ విన్నదే, పోల్చుకోకుండా ఎలా ఉంటుంది? చప్పట్లు కొట్టే చోటైతే ఎవరికీ వినబడేది కాదు.

పోయిన నెల కొందరు లేచి వెళ్ళిపోయారు. సంఘ పెద్ద ఎల్లారావు దీనాని పక్కకు పిలిచాడు.

"ఇంకోపాలి ఇలాగైతే కచేరీలు ఆపేద్దామమ్మా. జనం భయపడిపోతన్నారు."

దీనాకు నాన్న మిగిల్చి వెళ్ళింది అదొక్కటే.

ఈ నెల కచేరి రోజు, జనం రాకముందు ఒకసారి వాయించి చూసుకుంటున్నారు. చివరి స్వరం ఆపారు. మ్... మ్...

దీనా వయొలిన్ కింద పెట్టి లేచింది.

"వద్దమ్మా..." అన్నాడు టిమోతి గుసగుసగా.

ఆమె అప్పటికే మెట్లెక్కుతోంది. ఒక్కో మెట్టూ కిర్రుమంటోంది. పైన చీకటి, మూలల్లో సముద్రపు తేమ వాసన. ఫోన్ లైటు వేసింది. మూలగా తెల్లటి గుడ్డ కప్పుకుని... భుజాలు... సన్నటి మెడ...

చెయ్యి చాచి ముట్టుకుంది. గుడ్డ కింద అదురు.

మరుక్షణం ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "చిన్నాన్నా, డాడీ సెల్లోయే! కింద మనం వాయిస్తుంటే పైన దీని తీగ అదురుతోంది, అంతే!"

టిమోతి కుర్చీలో కూలబడి నవ్వాడు. తీగవాయిద్యాలకది మామూలే కదా, ఒకటి పలికితే పక్కది ఊఁకొడుతుంది. ఇన్నాళ్ళూ ఎంత వెర్రివాళ్ళమయ్యాం అనుకున్నారు.

ఎల్లారావు ఆ సంగతి జనానికి ముందే చెప్పాడు. కచేరి అయ్యాక పైనుంచి ఆ స్వరం వినబడితే, ఈసారి ఎవరూ లేవలేదు. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు.

జనం కదిలాక దీనాకు ఒక అనుమానం మిగిలింది. ఈ సముద్రపు గాలికి తీగలు వారంలో వదులైపోతాయి. వదులు తీగ ఊఁకొట్టదు. మరి ఏడాదిగా బిగిస్తున్నదెవరు?

కచేరికొచ్చిన తల్లిని అడిగింది. ఫ్లోరెన్స్ తల దించుకుంది.

"నానే. ఆరాధన అయ్యేక ఎక్కి బిగిత్తన్నాను, మీ డాడీ సేసినట్టే. సవితన్నాను గానీ... దాన్నొదిలి ఉండలేకపోతన్నాను."

దీనా తల్లిని గట్టిగా పట్టుకుంది. ఫ్లోరెన్స్ ఆమె చెవి దగ్గర, ఇంకా చిన్న గొంతుతో అంది — "మూడే బిగిత్తన్నానమ్మా. ఆ లావు తీగ వానల్లోనే తెగిపోయింది. ఇంకోటెయ్యడం నాకు రాదు."

దీనా మళ్ళీ మెట్లెక్కింది. ఈసారి గుడ్డ ఎత్తి చూసింది. మూడు తీగలు. నాలుగోది తెగి, చుట్ట చుట్టుకుని, పక్కకు వేలాడుతోంది.

"ఏటమ్మా, సెల్లోయే గదా?" కింద నుంచి ఎల్లారావు.

మెట్ల దగ్గర తల్లి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"సెల్లోయేనండి" అంది దీనా. గుడ్డ జాగ్రత్తగా కప్పి, దాని మీద చెయ్యి వేసింది.

కింద ఎవరూ వాయించడం లేదు. అరచేతికి మాత్రం అదురు తగులుతూనే ఉంది.