ఇస్త్రీ చేసిన దుప్పటి

“నా ముడతలేవీ?”

డ్రాయింగ్ క్లాసు గుమ్మంలోంచి అతను అరిచిన అరుపుకి, ఇస్త్రీ పెట్టె పట్టుకున్న అమ్మాయి ఉలిక్కిపడింది.

“మీ మొహం మీద బోలెడున్నాయి.”

“కుర్చీ మీద దుప్పటండీ!”

“అదా! ఎవరో ఉండచుట్టి పడేస్తే ఇస్త్రీ చేసి మడతపెట్టా. థ్యాంక్స్ చెప్పరేం?”

అతను స్టూలు మీద కూలబడ్డాడు. వారం నుంచి ఆ ముడతలే గీస్తున్నాడు, ఇంకా సగమే అయింది. రేపు పొద్దున ఆర్ట్ కాలేజీ సెలక్షన్‌కి బొమ్మ ఇవ్వాలి. పోయినేడు ‘బట్టని చెక్కలా గీశావు’ అని తిప్పి పంపారు. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరి ఛాన్స్.

క్లాసు నడిపే మేడమ్ కూతురు ఆ అమ్మాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సెలవుకి ఇంటికొచ్చి, అమ్మకి సాయం చేద్దామనుకుంది పాపం.

“కంప్యూటర్లోలా ‘అన్‌డూ’ కొట్టలేమా?”

“బట్టకి అన్‌డూ ఉండదండీ.”

ఆమె దుప్పటి మళ్లీ నలిపి కుర్చీ మీద పడేసింది. అచ్చం ఉతకడానికి తీసినట్టుంది. చివరికి తనే కప్పుకుని కూర్చుంది.

“లోపల మనిషుంటే బట్ట దానంతటదే పడుతుందట. అమ్మ మాట. కానివ్వండి.”

అతను కొత్త కాగితం తగిలించాడు. బయట వాన మొదలైంది.

“కదలకండి.”

“దోమండీ.”

“కుట్టనివ్వండి. కళకోసం.”

ఆమె కిసుక్కుమంది.

“నవ్వకు! భుజం మీద ముడత మారిపోయింది!”

“నవ్వించకు మరి!”

‘అండీ’లు ఎప్పుడు జారిపోయాయో ఇద్దరూ చూసుకోలేదు.

సాయంత్రం మేడమ్ వచ్చి కళ్లజోడు పెట్టుకుంది. బొమ్మలో మొహం లేదు. మెడ కింద నుంచి దుప్పటి, అంతే.

“బట్ట గీయడమంటే లోపలి మనిషిని గీయడం. ఇన్నాళ్లకి పట్టుకున్నావు.”

అతను ఊపిరి పీల్చుకున్నాడు.

“ఒక్కటే డౌటు. మా పిల్ల, వాన పడితే చాలు, పిట్టలా కిటికీ వైపు వాలిపోతుంది. మరి ముడతలన్నీ నీ వైపు లాగుతున్నాయేం?”

“ఉన్నదే గీశాను మేడమ్.”

“తెలుస్తోంది. అందుకే దాన్ని అడుగుతున్నా. ఏమే?”

అమ్మాయి దుప్పటి తలమీదికి లాక్కుంది. లోపల్నుంచి వినపడింది:

“సెలక్షన్ అయ్యాక చెప్తానమ్మా.”

“కాకపోతే?” అన్నాడు అతను.

“కాకపోయినా చెప్తా. నీకే చెప్తా.”

మేడమ్ ఇస్త్రీ పెట్టె వైరు చుట్టి, అటక మీదికి తోసేసింది.

“ఆ దుప్పటి జోలికి ఎవరూ వెళ్లకండి,” అని ముగ్గురికీ టీ పెట్టడానికి వెళ్లింది.