బోరులోంచి పైకొచ్చిన ఎర్ర వైరు

మధ్యాహ్నం రెండయింది. వజ్రకరూరు రోడ్డు మీద తన మోటరు రిపేరు కొట్లో ఓబుళేసు అన్నం తింటున్నాడు. ఫోను మోగింది. ఆంజినమ్మ.

"మా బోరు కాడికి రా," అంది. పలకరింపు లేదు. "లోపల్నుంచి వైరు పైకొచ్చినాది. ఎర్రది."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఆ బోరులో ఏమీ లేదు కదక్కా?"

"నీకే తెల్సల్ల. వచ్చి చూడు."

"నువ్వు ముట్టుకోవద్దు. వస్తాండా."

చెయ్యి సరిగా కడుక్కోకుండానే బండి తీశాడు. ఆమె మీద దయతో కాదు. ఆ వైరు ఇంకెవరి కంటా పడకూడదు.

పోయిన ఎండాకాలం ఆంజినమ్మ మొగుడు కదిరప్ప ఆ బోరు దగ్గరే ప్రాణం విడిచాడు. నీళ్లు అడుక్కి పోయాయని, మోటరును ఇంకో ముప్పై అడుగులు దించమని ఓబుళేసును పిలిచాడు. తీరా చూస్తే కేబులు చాలలేదు. నీళ్లలో వేయాల్సింది రెండు తోళ్లున్న మందపాటి ఫ్లాట్ కేబులు. దానికోసం గుంతకల్లు దాకా పోవాలి. ఓబుళేసు సంచిలో తన ఇంటి పనిలో మిగిలిన వైరు ఉంది, గోడ లోపల పైపుల్లో దూర్చేది. ఎర్రది, పచ్చది, నీలంది మూడూ మెలేసి, అతుకేసి, టేపు చుట్టి దించేశాడు.

వారం తిరక్కుండానే కదిరప్ప తడి ఇనుప పైపు పట్టుకుని అట్లే బిగుసుకుపోయాడు. మోటరు ఎత్తిందీ ఓబుళేసే. అతుకేసిన ముక్కను ఎవరూ చూడకముందే కత్తిరించి బోరులోకి జారవిడిచాడు. "చెప్పుల్లేకుండా తడిలో నిలబన్యాడు, ఏం చేస్తాం," అని పదిమంది ముందు నిట్టూర్చాడు. రెండు నెలలకు బోరూ ఎండిపోయింది.

ఓబుళేసు బండి దిగేసరికి చేను బోసిగా ఉంది. ఎండకు నేల నెర్రెలు విచ్చింది. గాలి లేదు, పిట్ట అరుపు లేదు. బోరు దగ్గరవుతుంటే ఒక వాసన... కాలిన ప్లాస్టిక్కు వాసన. దాని వెనకాల ఇంకేదో మాడిన వాసన.

పైపు మీద మూతగా పెట్టిన బండ పక్కకు జరిగి ఉంది. లోపలి నుంచి జానెడు ఎర్ర వైరు నిటారుగా నిలబడి ఉంది.

ఆంజినమ్మ ఎండలోనే నిలబడి ఉంది.

"ఇది యా వైరు?"

"ఇంటి వైరక్కా. పిల్లోళ్లు ఎవరన్నా వేసింటారు."

"నీళ్లలో వేస్తారా దీన్ని?"

"వెయ్యరు."

"ఎందుకు వెయ్యరు?"

"ఒకటే తోలు, పల్చగుంటాది. నానితే కరెంటు బయటికొస్తాది."

"అన్నీ తెల్సు నీకు," అందామె. ఆ చూపుకు తట్టుకోలేక ఓబుళేసు వంగి వైరు పట్టుకున్నాడు.

చల్లగా తగిలింది. తడిగా ఉంది. ఎండిపోయిన బోరులో తడెక్కడిది?

లాగడం మొదలుపెట్టాడు. బారలు లెక్కపెట్టుకున్నాడు. తను పారేసింది అయిదు బారలు. అయిదు వచ్చాయి. ఆరు... పది... ఇరవై. కాళ్ల దగ్గర ఎర్రగా చుట్టలు పడుతోంది. కొస రావడం లేదు. ఎక్కడా అతుకు లేదు.

ఉన్నట్టుండి వైరు బిగిసింది. అవతల ఎవరో పట్టుకున్నట్టు.

పైపులోంచి సన్నగా మోటరు మోత మొదలైంది.

ఓబుళేసు స్తంభం వైపు చూశాడు. కనెక్షను తీసేసి ఏడాదవుతోంది. మోటరు ఎదురుగా పాకలో తుప్పు పట్టి పడి ఉంది. జేబులోంచి టెస్టరు తీసి వైరు కొసకు ఆనించాడు.

వెలిగింది.

వైరు వదిలేయబోయాడు. వేళ్లు తెరుచుకోలేదు. మోచేతి దాకా నరాలు మెలితిరిగాయి. పళ్లు గిట్టకరిచాయి. అరుపు గొంతు దాటలేదు. వైరు అతన్ని పైపు మీదికి లాగింది... ఒక్కో అడుగూ... ముఖం ఇనుపంచుకు తగిలేదాకా.

లోపల చీకటి. మాడిన వాసన. ఆ చీకట్లోంచి ఓపిగ్గా ఒక గొంతు.

"ఓబుళేసూ... ఎన్ని బారలు తక్కువ పడినాదప్పా?"

కదిరప్ప గొంతు.

"అయిదు," అన్నాడు దవడలు విడిపించుకుంటూ. "అయిదు బారలన్నా... ఇంటి వైరు వేసినా. గుంతకల్లు పొయ్యే ఓపిక లేక వేసినా. నేనే సంపినా... ముక్క బోరులో పారేసిందీ నేనే..."

చెయ్యి విడిపోయింది. వెల్లకిలా పడ్డాడు. చుట్టలు చుట్టలుగా ఉన్న వైరంతా బుసకొడుతూ పైపులోకి జారిపోయింది. మోత ఆగింది.

ఆంజినమ్మ కళ్లలో నీళ్లు లేవు.

"నేను ఇన్యా," అంది. "ఇదే మాట స్టేషన్లో చెప్తావా?"

"చెప్తా అక్కా."

"లెయ్ అయితే."

అరచేయి అడ్డంగా కమిలిపోయి ఉంది. ఆ చేత్తోనే బండి తిప్పాడు. వెనకాల ఆంజినమ్మ కూర్చుంది. రోడ్డెక్కేలోపు ఫోను మోగింది. అతని భార్య సుబ్బరత్నమ్మ.

"మనింట్లో స్విచ్చు బోర్డుల్లోంచి నీళ్లు కారుతాండాయి," అంది. "మిద్దె మీద ట్యాంకులో చుక్క లేదు. యాడ్నుంచి వస్తాండాయో తెలీదు..."

"ఏదీ ముట్టుకోవద్దు!" ఓబుళేసు అరిచాడు. "స్విచ్చులు వెయ్యద్దు! బయటికి రా!"

అవతల టక్కుమని ఒక స్విచ్చు పడిన చప్పుడు. ఇంకొకటి.

"వెయ్యద్దంటే ఇనవేమే!"

"నేను బయటే ఉండా," సుబ్బరత్నమ్మ గుసగుసగా అంది. "ఇంటికి తాళం కూడా వేసినా... లోపల ఎవరు వేస్తాండారు?"