ఇవాయులో చన్నీళ్ళు

రాత్రి పది దాటాక ఇవాయు స్నానశాల ముందునుంచి ఎవరూ నడవరు. బెప్పు ఊళ్ళో వేడినీటి స్నానశాలలకు కొదవ లేదు. సందుకొకటి ఉంటుంది, కాలవ మూతల్లోంచి కూడా ఆవిరి లేస్తుంటుంది. కానీ ఇవాయుకున్న చెడ్డపేరు ఇంకే స్నానశాలకూ లేదు. ఆ సందు చివర కాపురం ఉండేవాళ్ళు పొద్దుపోయిందంటే కొండవైపు మెట్లెక్కి, చుట్టూ తిరిగి, రొప్పుకుంటూ ఇల్లు చేరతారు గాని దాని ముందు అడుగు పెట్టరు.

అందులో... ఉడికినాయన ఉంటాడు.

ఎవరా ఉడికినాయన అంటే, తాతల నాటి ఉప్పు వర్తకుడట. "ఈ తొట్టిలో నాకంటే ఎక్కువసేపు కూర్చునే మొనగాడెవడు?" అని పందెం కాసి దిగాడు. దిగినవాడు లేవలేదు. తెల్లారి వెళ్ళి చూస్తే నీళ్ళమీద ఆయన తువ్వాలు తేలుతోంది... అంతే, ఇంకేమీ లేదు! అప్పటినుంచీ చీకట్లో ఎవరైనా చన్నీళ్ళ కుళాయి తిప్పితే చాలు — ఎక్కడినుంచో ఒక బొంగురు గొంతు.

"ముయ్యి..."

టోక్యోకు చెందిన ఒకాయన కూడా మొదట నమ్మలేదు. రెండేళ్ళ కిందట విహారానికొచ్చి, స్నానశాలకు ఎవరో తాళం వెయ్యడం మరిచిపోయిన ఒక రాత్రి లోపలికి దూరాడు. "అబ్బ, కాలిపోతోంది" అంటూ కుళాయి తిప్పాడు. మరుక్షణం స్టేషన్ రోడ్డు మీద పరిగెడుతూ కనిపించాడు. ఒంటిమీద తువ్వాలు ఉందా అంటే ఉంది... నెత్తిమీద ఉంది. ఉండాల్సిన చోట లేదు.

ఇవాయు నీళ్ళు నలభై ఆరు డిగ్రీలు. ఆ వేడికి కోడిగుడ్డు ఉడకదు గాని మనిషి ఉడుకుతాడు. అందులో మెడదాకా దిగి, కళ్ళు మూసుకుని, "ఇవాళ కాస్త చల్లగా ఉన్నాయే" అనడం ఆ సందువాళ్ళ గొప్ప. గోడకు చన్నీళ్ళ కుళాయి ఉన్న మాట నిజమే, అది నేల కడగడానికి. దాన్ని తొట్టిలోకి తిప్పడం హత్యకంటే పెద్ద నేరం. హత్యకైతే కనీసం ఎందుకు చేశావని అడుగుతారు.

లోపల గోడమీద ఇంటికొకటి చొప్పున పేర్లు రాసిన చెక్క పలకలు వేలాడుతుంటాయి. చన్నీళ్ళు తిప్పినా, వేడికి తాళలేక మధ్యలో లేచి పారిపోయినా, ఆ ఇంటి పలకను ఏడాదిపాటు గోడవైపు తిప్పేస్తారు. ఆ ఏడాదంతా ఆ ఇంటివాళ్ళకు టోఫు కొట్టువాడు కూడా మొహం చూడకుండానే చిల్లర ఇస్తాడు.

వరసలో మొదటి పలక ఇకునాగా వారిది. ఆ ఇంటికి ఇల్లరికం వచ్చిన అల్లుడు కియొతకా.

పాపం, అతనిది గోతో దీవులు. చేపలు పట్టుకునే కుటుంబం. ఇరవై రెండేళ్ళ కిందట సనయేను చేసుకుని, ఇంటిపేరు మార్చుకుని, ఈ సందులో అడుగుపెట్టాడు. జుట్టు సగం నెరిసినా ఇప్పటికీ అతన్ని "గోతో అల్లుడు" అనే అంటారు. మామగారు ఇకునాగా గెంపాచి మామూలు మనిషి కాదు. తొట్టిలో కిటికీ పక్క మూల ఆయనది. అక్కడ గడ్డందాకా దిగి, తన ముత్తాతలు కిత్సుకి కోట గుమ్మానికి ఎలా కాపలా కాశారో అరగంట చెప్పేవాడు. ఆ కోట చూస్తే ఒక ఇల్లంత ఉంటుంది. దాని గుమ్మానికి కాపలా కాసిన వంశాలు మాత్రం ఇప్పటికి నాలుగువందలు తేలాయి. అంత వేడిని దిగమింగిన గెంపాచి మూడేళ్ళ కిందట జలుబు చేసి పోయాడు.

కియొతకాకేమో ఆ నీళ్ళంటే హడల్. ఇరవై రెండేళ్ళలో మోకాలు దాటి దిగింది లేదు. ఎవరూ లేని మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి, చెంబుతో నాలుగు నీళ్ళు చల్లుకుని, ఒళ్ళంతా తువ్వాలుతో బరబరా రుద్దుకునేవాడు. ఎర్రగా కందిన ఒంటితో బయటికొచ్చి, ఎదురైనవాళ్ళతో "అబ్బ, ఇవాళ భలే ఉన్నాయండీ నీళ్ళు" అనేవాడు. ఈ సంగతి భార్యకు కూడా తెలీదు.

అలా ఎంతకాలమైనా నడిచేదే. కానీ ఆ ఏప్రిల్లో స్నానశాల పెత్తనం వంతు ఇకునాగా వారింటికి వచ్చింది. పెత్తనం తీసుకునేవాడు కొత్తనీళ్ళ రోజు పొద్దున పెద్దల సమక్షంలో తొట్టిలో దిగాలి. వంద లెక్కపెట్టేదాకా మెడలోతున కూర్చోవాలి.

తాళంచెవులు అప్పగిస్తూ స్నానశాల సంఘం అధ్యక్షుడు కుగిమియా గారు పళ్ళసెట్టు టకటకలాడిస్తూ నవ్వాడు.

"ఏమోయ్ గోతో అల్లుడూ! ఆదివారానికి సిద్ధమేనా? మీ మామ అయితే వంద అయ్యాక ఒక పాట కూడా పాడేవాడు. నువ్వు పాడక్కర్లేదులే. చేపల పులుసులా మరిగిపోకుండా ఉంటే చాలు!"

"మీ దయండీ" అన్నాడు కియొతకా.

నాలుగు తరాలుగా నిలబడ్డ పలక. అది తన చేతుల మీదుగా గోడవైపు తిరగబోతోంది. సనయే ఏడుస్తుంది. అత్తగారు హత్సుయో ఏమీ అనదు. డెబ్బై ఎనిమిదేళ్ళ ఆ మనిషి ఇరవై రెండేళ్ళుగా అతన్ని ఒక్క మాట అనలేదు, ఒక్కసారి మెచ్చుకోనూ లేదు. ఇప్పుడూ మౌనంగా అన్నం వడ్డిస్తుంది. అదే అతనికి అన్నిటికంటే భయం.

శనివారం సాయంత్రం తొట్టి కడిగి, కొత్తనీళ్ళు వదిలి, తలుపుకు తాళం వేశాడు. ఇంటికొచ్చి పడుకున్నాడు. నిద్రపడితేగా!

పదకొండున్నరకు లేచాడు. నాలుగు బారల రబ్బరు గొట్టం చొక్కా కింద నడుముకు చుట్టుకున్నాడు. కుళాయికి తగిలించి, తొట్టి అంచు వెంబడి నీళ్ళ కిందుగా తను కూర్చునే చోటికి తెచ్చుకోవాలని అతని ఎత్తు. దెయ్యం సంగతి గుర్తు లేకపోలేదు. కానీ ఉడికినాయన ఏంచేస్తాడు, మహా అయితే చంపుతాడు. కుగిమియా గారైతే బతికుంచి మరీ నవ్వుతాడు.

సందులో పిల్లి కూడా లేదు. తాళం తీస్తే ఆ చప్పుడు ఊరంతా వినిపించినట్టయింది.

లోపల చీకటి... గంధకం వాసన... ఆవిరి. ఎక్కడో నీటిబొట్టు పడుతోంది. టప్... టప్... దీపం వెయ్యడానికి ధైర్యం చాల్లేదు. గోడ తడుముకుంటూ, బట్టలు విప్పి, నేలమీద పాకుతూ కుళాయి దగ్గరికి చేరి గొట్టం తగిలించాడు.

తిప్పాడు.

నీళ్ళు రాలేదు! గొట్టంలో గుర్రుమని గాలి... సన్నగా ఒక్క ధార...

అప్పుడు —

"ముయ్యి..."

చెయ్యి కుళాయికి అతుక్కుపోయింది. వెనక్కి తిరిగి చూద్దామంటే మెడ తిరగదు.

"ముయ్యి... అంటుంటే..."

గబుక్కున కుళాయి కట్టేశాడు. ఒళ్ళంతా చెమటలు. తరవాత అదే బొంగురు గొంతు, ఈసారి కాస్త విసుగ్గా —

"సరిగ్గా బిగించు. ఇటువైపు ధార సన్నబడుతోంది."

కియొతకా కళ్ళు చిట్లించి చూశాడు. తొట్టి ఖాళీ. ఆ మాట వచ్చింది గోడ అవతలినుంచి. ఆడవాళ్ళ వైపునుంచి.

"ఎ... ఎవరూ?"

అవతల ఒక దగ్గు. ఆ దగ్గు అతను ఇరవై రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే వింటున్నదే.

"అత్తయ్యా?"

"...నువ్వా అబ్బాయ్?" ఒక నిట్టూర్పు. "గట్టిగా మాట్లాడకు. దెయ్యం ఉందని అందరూ నమ్ముతున్నారు, చెడగొట్టకు."

"ఈ వేళప్పుడు మీరేం చేస్తున్నారు?"

"స్నానం చేస్తున్నా. మనిషిలాగా. చన్నీళ్ళు కలుపుకుని."

కియొతకా గోడకు చెవి ఆనించి, తడి నేలమీద అలాగే కూలబడ్డాడు.

"ఆ నిప్పుల్లో ఎవడు కూర్చుంటాడు నాయనా?" అంది హత్సుయో మెల్లిగా. "ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి వారమే నా వీపు బొబ్బలెక్కింది. పుట్టింటికి పోతానని ఏడిస్తే మీ మామగారు రాత్రి ఇక్కడికి తీసుకొచ్చారు. ఆ వైపు ఆయన, ఈ వైపు నేను. యాభై ఏళ్ళు ఇలాగే స్నానం చేశాం. ఎవరూ రాకూడదని ఆ ఉడికినాయన కథ కట్టింది కూడా ఆయనే. ఉప్పు వర్తకుడూ లేడు, వాడి తువ్వాలూ లేదు."

"మరి... పొద్దుటిపూట అరగంట కూర్చునేవారు కదా?"

"కిటికీ పక్క మూల. కింద పలకరాయికీ గోడకీ మధ్య ఒక బిరడా ఉంటుంది, బొటనవేలితో లాగు. నేల కడిగే గొట్టంనుంచి ఆయనే ఓ రాత్రి చీలిక పెట్టుకున్నారు. చన్నీళ్ళు మెల్లిగా ఒంటిచుట్టూ తిరుగుతాయి, పక్కవాడికి తెలీదు. పోయేముందు నా చెవిలో చెప్పారు. మూడో మనిషికి తెలీదు."

కియొతకా ఆ మూలకు దిగాడు. మోకాలు... నడుము... బొటనవేలు తగిలింది. లాగాడు. చల్లటి ధార నడుము చుట్టూ తిరిగింది. మెడదాకా జారాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ నీళ్ళలో కూర్చున్నాడు. ఎంత సుఖం! కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బాగుందా?" అంది గోడ అవతలినుంచి అత్తగారు.

"బాగుంది అత్తయ్యా."

"రేపు అక్కడే కూర్చో."

తెల్లారింది. ఆడవాళ్ళ వైపు ఆ పూట మూసేస్తారు, తలుపుకు తాళం పడింది. మగవాళ్ళ వైపు కుగిమియా గారూ, మరో ముగ్గురు పెద్దలూ నెత్తిన తువ్వాళ్ళు మడిచి పెట్టుకుని వరసగా నిలబడ్డారు. సందులోవాళ్ళు గుమ్మం దగ్గర గుమిగూడారు. కియొతకా ధీమాగా కిటికీ మూలవైపు నడిచాడు.

"ఆగాగు!" అంటూ కుగిమియా గారు అతన్ని పక్కకు తోశాడు. "ఆ మూల మా గెంపాచిది. వాడి జ్ఞాపకంగా ఇవాళ నేను కూర్చుంటా."

"అదేమిటి, గెంపాచి నాకూ స్నేహితుడే" అన్నాడు రెండో ఆయన.

"నాకు చిన్ననాటినుంచీ" అన్నాడు మూడో ఆయన.

నాలుగో ఆయన ఏమీ అనలేదు. అప్పటికే దిగిపోయాడు.

చూస్తుండగానే నలుగురు పెద్దమనుషులూ ఒక్క మనిషి పట్టే ఆ మూలలో మోచేతులతో కుమ్ముకుంటూ ఇరుక్కున్నారు. నీళ్ళ కింద ఎనిమిది కాళ్ళు దేనికోసమో తెగ తడుముకుంటున్నాయి. కాసేపటికి నలుగురి మొహాల్లోనూ ఒకేసారి శాంతి వెలిసింది. కియొతకాకు అంతా అర్థమైంది. మూడో మనిషికి తెలీదట! ఊరంతటికీ తెలుసు.

ఏం లాభం? మిగిలిన తొట్టంతా నిప్పులు. దానిలోకి దిగాల్సింది అతనొక్కడే.

దిగాడు. ఒంటికి మంట పెట్టినట్టయింది. పళ్ళు బిగబట్టాడు.

"ఒకటీ..." కుగిమియా గారు రాగం తీశాడు. "రెండూ... అబ్బబ్బ, ఏం వేడి! ఇవాళ మరీ మండుతున్నాయి. ఏమోయ్ గోతో అల్లుడూ, ఉన్నావా పోయావా?"

"ఉన్నానండీ..."

పెద్దాయన పెదాలు చలికి నీలంగా మారుతున్నాయి. ముప్పై అంకెలు లెక్కపెట్టడానికి రెండు నిమిషాలు తీసుకున్నాడు. కియొతకా కళ్ళకు చీకట్లు కమ్మాయి. ఇక లేస్తాను, పలక ఎటు తిరిగితే అటు తిరగనీ అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడు — గోడ అవతల కుళాయి తిరిగింది. ఒకటి కాదు, అన్నీ. ధారలు హోరున పడుతున్న చప్పుడు.

కుగిమియా గారి రాగం ఆగిపోయింది. నీలం పెదాలు తెల్లబడ్డాయి, బుగ్గలు ఎర్రబడ్డాయి. నీళ్ళ కింద ఎనిమిది కాళ్ళు మళ్ళీ కంగారుగా తడుముకున్నాయి. చన్నీళ్ళు రావడంలేదని ఎవరు, ఎవరితో అంటారు?

"ముప్పై ఒకటి ముప్పై రెండు ముప్పై మూడు..." పెద్దాయన పరుగందుకున్నాడు. "నలభై, యాభై, అరవై —"

అరవై దగ్గర కెవ్వుమని ఎగిరి గట్టుమీద పడ్డాడు. వెనకే మిగతా ముగ్గురు.

తొట్టిలో కియొతకా ఒక్కడే మిగిలాడు. గోడ అవతల ధారలు హోరుమంటూనే ఉన్నాయి. అత్తయ్య! ఇన్నేళ్ళలో ఒక్క మంచిమాట అనని మనిషి ఇవాళ తన పక్షాన నిలబడింది! ఆ ఆలోచనతో అతని ఛాతీ పొంగింది. మంట మంటగానే ఉంది, కానీ లేవబుద్ధి కాలేదు.

"అరవై ఒకటి" అన్నాడు పైకే. "అరవై రెండు..." ఒక్క అంకె దాటెయ్యకుండా, ఒక్కదాన్నీ తొందరపెట్టకుండా వంద దాకా లెక్కపెట్టాడు. ఆ తరవాతే లేచాడు. ఒళ్ళంతా ఉడికిన పీతలా ఉంది. గుమ్మం దగ్గరినుంచి ఎవరో "ఇకునాగా గారూ, తువ్వాలు" అని అందించారు. ఆ పేరుతో అతన్ని ఆ సందులో పిలవడం అదే మొదలు.

హత్సుయో సాయంత్రం బస్సులో వచ్చింది. కియొతకా ఆమె ముందు మోకాళ్ళమీద కూర్చుని నేలకు నుదురు ఆనించాడు.

"మీ మేలు మరిచిపోను అత్తయ్యా. సమయానికి కుళాయిలన్నీ తిప్పారు..."

"నేనా?" ఆమె చెప్పులు విప్పబోయి ఆగింది. "నేను తెల్లవారుజామునే మా అక్కయ్యను చూడ్డానికి కిత్సుకి వెళ్ళానుగా. ఆడవాళ్ళ వైపు తాళంచెవి కూడా నా సంచీలోనే ఉండిపోయింది. ఇదిగో."

ఇద్దరూ ఆ తాళంచెవి వైపు చూశారు. తరవాత మెల్లిగా... గది మూల పూజాపీఠం మీద ఉన్న గెంపాచి ఫోటో వైపు చూశారు. ఆయన మూల ఆక్రమించుకున్నవాళ్ళను లేపి, అల్లుణ్ణి గట్టెక్కించింది ఎవరో కియొతకాకు తెలిసిపోయింది. ఒళ్ళు జలదరించింది. చేతులు జోడించాడు.

హత్సుయో మాత్రం జోడించలేదు. విసవిసా వెళ్ళి, పొద్దున ఆయనకని ఆ ఫోటో ముందు పెట్టిన టీ కప్పు వెనక్కి తీసేసుకుంది.

"అదంతా సరే. ఆడవాళ్ళ గదిలో మీకేం పనండీ?"