సగం పొగ

ఆఫీసు ముందు రోడ్డు దాటుతున్న ఇంజనీరును లారీ గుద్దేసింది. బ్రేకు చప్పుడైనా వినపడలేదు.

"యాక్సిడెంట్ కాదు," అన్నాడు చీఫ్, ఫోటోను బల్ల మీద ముందుకు తోస్తూ. "నీకు తెలుసు కదా."

ఏజెంట్ ముంగిసకు తెలుసు. ఇంజనీరు పేరు విదేశీ ముఠాకు అందించమన్నది తనే. ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంటు కోసం పనిచేసే డబుల్ ఏజెంట్ నెమలి వారం కిందట అడిగింది: "నా మీద అనుమానపడుతున్నారు. వాళ్ల గుట్టు పసిగట్టిందెవరో చెబితేగాని నమ్మరు." మహా అయితే బదిలీ చేయిస్తారనుకున్నాడు ముంగిస. చెప్పెయ్యమన్నాడు.

"రేపు మంత్రిగారు బటన్ నొక్కగానే ఫ్యాక్టరీల పొగగొట్టాలకు బిగించిన కార్బన్ మీటర్లన్నీ ఆన్ అవుతాయి," అన్నాడు చీఫ్. "లోపలున్నది ముఠా సాఫ్ట్‌వేర్. పొగను సగమే చూపిస్తుంది. ఒక్కసారి లాక్ అయిందా, ఇక మన చేతిలో ఏమీ ఉండదు. పేదదేశం, అడిగేవాడెవడని వాళ్ల ధీమా."

"తెర మీద సగం, జనం ఊపిరితిత్తుల్లో మొత్తం," అన్నాడు ముంగిస. ముఠా గుట్టు చెప్పడానికి వచ్చిన రోజు ఇంజనీరు తనతో అన్న మాట అది.

మర్నాడు కంట్రోల్ రూమ్‌లోకి ఏసీ మెకానిక్‌లా ముంగిస వచ్చాడు. ముఠా నడిపే మీటర్ల కంపెనీ డైరెక్టర్ వేషంలో నెమలి మెరిసిపోతోంది. అధికారుల కళ్లన్నీ ఆమె మీదే.

"లోపల ఉక్కగా ఉంది," అంది.

"ఫిల్టర్ మార్చాలి మేడమ్."

కోడ్ కలిసింది. ఆమె లిప్‌స్టిక్ అతని చేతిలోకి జారింది. లోపల పెన్‌డ్రైవ్.

"ఇంజనీరు రాసిన అసలు ప్రోగ్రాం. అతని జేబులోంచి వాళ్లు తీశారు, వాళ్ల సేఫ్‌లోంచి నేను తీశాను."

"చంపుతారని నీకు ముందే తెలుసా?"

"నీకు తెలియదా?"

ముంగిస ఏసీ వెనక్కి వెళ్లి సర్వర్‌కు పెన్‌డ్రైవ్ గుచ్చాడు. వీపుకు పిస్టల్ ఆనింది. ముఠా టెక్నీషియన్.

"తీసెయ్."

ముంగిస వంగినట్టే వంగి, పనిముట్ల సంచిలోని ఏసీ గ్యాస్ వాడి మొహం మీదికి చిమ్మాడు. పిస్టల్ కింద పడింది. వెనకాలే వాడూ పడ్డాడు. హాల్లో మంత్రిగారు అంకెలు లెక్కపెడుతున్నారు. "మూడు... రెండు..."

ఆయన వేలు బటన్‌ను తాకేలోపు ప్రోగ్రాం ఎక్కింది. పెద్ద తెర నిండా ఎర్ర అంకెలు. అతిథులు గుసగుసలాడుకున్నారు.

"మీటర్ పాడైందా?" మంత్రిగారు చెమట తుడుచుకున్నారు.

"లేదు సార్," అంది నెమలి. "ఇప్పుడే బాగైంది."

సాయంత్రానికి ముఠా మొత్తం కటకటాల వెనక ఉంది. ముంగిస వేషం తీసేసి ఇంజనీరు ఇంటికి వెళ్లాడు. ఆయన భార్య కుర్చీ వేసి, మంచినీళ్లు తెచ్చి పెట్టింది.

"ఆయనతో పనిచేసేవారా అన్నయ్యా?"

"అవునమ్మా."

"ఎవరో ఆయన పేరు బయటపెట్టారంటున్నారు. ఎవరో తెలిసిందా?"

గ్లాసు అతని పెదాల దగ్గరే ఆగిపోయింది.

"ఇంకా వెతుకుతున్నాం."

మారువేషం లేకుండా ముంగిస ఆడిన మొదటి అబద్ధం అది. అలవాటు లేక కాస్త తడబడ్డాడు.